గోదాములో ఎండకు పాడైన కైట్‌బోర్డింగ్ సామాను: నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది తిరుపతి. ఏటా రామేశ్వరం వెళ్లి కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగే ఆట) చేస్తుంటాను. మార్చిలో ఇల్లు మారుతూ రెండు కైట్లు, ఒక ఫాయిల్ బోర్డు (అడుగున రెక్క ఉండి నీటి పైకి లేచే బోర్డు) రేణిగుంట రోడ్డులోని ఒక గోదాములో నెల బాడుగకు పెట్టాను. ‘లోపలి గదిలో పెడతాం, ఎండ తగలదు సార్’ అని వాళ్ల మనిషి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. జూన్‌లో వెళ్లి చూస్తే సామాను మేడమీద రేకుల షెడ్డులో ఉంది. కైట్లలో గాలి నింపే బ్లాడర్లు అతుక్కుపోయాయి, వాల్వుల దగ్గర జిగురు ఊడింది, బోర్డు పైపొర ఉబ్బింది. అడిగితే రసీదు వెనక ‘ఎండ, వాన, ఎలుకల వల్ల జరిగే నష్టానికి బాధ్యత లేదు’ అన్న వాక్యం చూపిస్తున్నారు. పైగా రెండు నెలల పాత బాడుగ కడితేనే సామాను ఇస్తామంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ కేసులో మొదట తేలాల్సింది తాళంచెవి సంగతి. గదికి మీ తాళమే వేసుకుని, చెవి మీ దగ్గరే పెట్టుకుని ఉంటే, మీరు గదిని బాడుగకు తీసుకున్నట్టే లెక్క. లోపలి సామాను మంచిచెడ్డలు చాలావరకు మీవే అయ్యేవి. మీ విషయంలో వాళ్లే సామాను ఎత్తి మేడమీదికి మార్చారు. అంటే అది వాళ్ల స్వాధీనంలో ఉంది. దీన్నే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్‌లో బెయిల్‌మెంట్ అంటారు. అప్పగించిన వస్తువును, ఇంగితం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూసుకోవాలని 151వ సెక్షన్ చెబుతోంది. అలా చూసుకున్నామని రుజువు చేయాల్సింది గోదామువాళ్లే, ఎందుకంటే లోపల ఏం జరిగిందో వాళ్లకే తెలుసు.

‘ఎండలు అలా ఉన్నాయి, మేమేం చేస్తాం’ అంటారు. ఒప్పుకోకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన ఊళ్లో తెలియనివాళ్లెవరు? మామిడికాయల లారీని రెండు రోజులు ఎండలో నిలబెట్టి తప్పు ఎండదేనంటే దామలచెరువు మండీలో ఎవరైనా వింటారా? ముందే తెలిసిన వేడి దైవికం కాదు.

ఇక రసీదు వెనక వాక్యం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీరు సంతకం చేసి ఉంటే మరీను. సంతకం చేసిన కాగితంలోని పరిమితికి పార్టీ కట్టుబడాలని 1996లో భారతి నిట్టింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీకు గట్టి పట్టు ఒకటి ఉంది. లోపలి గది అన్నది ఒప్పందంలో భాగం. ఆ గదిలో ఉండగా వేడికి పాడైతే ఆ వాక్యం వాళ్లను కాపాడేదేమో. వాళ్లు చోటే మార్చేశారు. ఒక గోదాములో పెడతామని ఒప్పుకుని మరోచోట పెట్టిన సరుకు అగ్నిప్రమాదంలో కాలిపోతే, పెట్టినవాడే బాధ్యుడని 1881లో లిల్లీ వర్సెస్ డబుల్‌డే అనే ఇంగ్లీషు కేసులో తీర్పు వచ్చింది. గోదామువాళ్లకు ఇచ్చే నోటీసులో మనం నిలబడాల్సింది ఈ వాదన మీదే. కాబట్టి ఆ వాట్సాప్ మెసేజ్ ప్రాణం లాంటిది. చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి. 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద, ఫోన్‌లోని మెసేజ్‌ను కోర్టులో సాక్ష్యంగా చూపడానికి కావాల్సిన సర్టిఫికెట్ తయారు చేద్దాం.

బాడుగ గురించి. సామాను మీద పనితనం చూపి ఏదైనా చేసినవాళ్లకు కూలి వచ్చేదాకా దాన్ని పట్టి ఉంచే హక్కును అదే కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. ఊరికే దాచినందుకు అది రాదు, రసీదులో విడిగా రాసుకుని ఉంటే తప్ప. కానీ ఈ వాదనతో నెలలు గడపడం నాకిష్టం లేదు. ఇంకో వారం ఆ రేకుల కింద ఉంటే మిగిలింది కూడా పోతుంది. ‘నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను’ అని రాసిచ్చి, బాడుగ కట్టి సామాను తెచ్చుకోండి. తెచ్చేముందు షెడ్డులోనే, రేకులు కనబడేలా వీడియో తీయండి. అతుక్కున్న బ్లాడర్లను విడదీయడానికి మాత్రం చేయి పెట్టకండి. అవి ఉన్నవి ఉన్నట్టే రామేశ్వరంలోనో మరోచోటో కైట్లు బాగుచేసేవాళ్లకు చూపించి, కారణమేమిటో, ఖర్చెంతో రాయించుకోండి.

ఆ తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు, జవాబు రాకపోతే తిరుపతి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు వేయడానికి ఫీజు చూసేది మీరు కట్టిన బాడుగను బట్టి, సామాను విలువను బట్టి కాదు. అది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. అడగాల్సింది మరమ్మతు ఖర్చు, బాగుకానివాటికి పాతబడిన మేర తగ్గించిన విలువ. పోయిన రామేశ్వరం సీజనుకు డబ్బు అడిగినా రావడం కష్టం.

చివరిగా, నోటీసు రాసేలోపు నాకు నిజం చెప్పాల్సినవి రెండున్నాయి. కైట్లను తడి ఆరనిచ్చి వదులుగా చుట్టి ఇచ్చారా? చాలా ఫాయిల్ బోర్డులకు లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న వెంట్ స్క్రూ ఉంటుంది. అది బిగించి ఉంటే వేడికి లోపలి గాలి వ్యాకోచించి పైపొర లేస్తుంది. అవతలి వకీలు మొదట అడిగేది అదే. బిగించి ఉంటే బోర్డును పక్కన పెట్టి కైట్ల మీదే కేసు నడుపుదాం.