రామేశ్వరం రాళ్ల మీద స్పాంజి లాంటి పచ్చటిది, నాచా? జీవా?

రామేశ్వరం పోయినప్పుడు రాళ్ల మీద చేతివేళ్ల మాదిరి మెత్తగా పచ్చటిది చూశాం, అది స్పాంజి జీవా నాచా అని అడిగినారు కదండీ. ఫోటోలో కొమ్మలు గుండ్రంగా, పోను పోను రెండేసిగా చీలతా ఉన్నాయి, నాకైతే కోడియం అనే నాచు అనిపిస్తా ఉంది, కానీ ఫోటో చూసి తేల్చేది కాదిది, చేత్తో ముట్టుకోవాల.

తిరుపతిలో బాటనీ ఎమ్మెస్సీ చేసేటప్పుడు మమ్మల్ని రామేశ్వరం దగ్గరుండే మండపం అనే ఊరికి పిలుచుకుపోయినారు. మాకు దగ్గరుండే తూపిలిపాళెం బీచంతా ఇసుకే, నాచు పట్టుకోడానికి రాయి ఉండదు, అందుకే అంత దూరం. అక్కడ నీళ్లు వెనక్కి తగ్గిన టైంలో మొదటిసారి కోడియం పట్టుకున్నా, తడిసిన వెల్వెట్ గుడ్డ మాదిరి ఉంది, నొక్కితే లోపలికి పోయి నీళ్లు కారినాయి. స్పాంజి జీవికైతే పైన నీళ్లు బయటికొచ్చే రంధ్రాలు కనపడతాయి, చాలావాటిల్లో చిన్న ముళ్లుంటాయి కాబట్టి రుద్దితే గరగర అంటుంది. గరిక పాకినట్టు రాయి మీద తీగ పాకి దాంట్లోంచి రెమ్మలు లేస్తే అది కాలెర్పా, బిళ్లలు బిళ్లలుగా సున్నం పట్టి గట్టిగా ఉంటే హాలిమెడా, ప్లాస్టిక్ కవరంత పల్చగా ఉంటే అల్వా.

అసలు సంగతి మైక్రోస్కోప్ కింద తెలుస్తుంది. ఆవగింజంత ముక్క గాజుపలక మీద పెట్టి సముద్రపు నీటి చుక్కేసి నొక్కితే, భీముడి గదల మాదిరి పచ్చటి సంచులు వరసగా నిలబడి కనిపిస్తాయి, వాటి వెనక రంగులేని దారాలు చిక్కుపడి ఉంటాయి, మధ్యలో కణానికి కణానికి గోడలే ఉండవు, అంటే చేతిలో ఉన్న ఆ మొక్కంతా లెక్కలేనన్ని కేంద్రకాలున్న ఒకే కణం! ఆ రోజు ల్యాబ్ మూసేదాకా కళ్లు తీయలేదు నేను. జాతి తేల్చేది కూడా ఆ సంచి కొనతోనే, కోడియం ఫ్రాజైల్ కి కొన మొనదేలి ఉంటుంది, టోమెంటోసమ్ కి గుండ్రంగా.

ఒక జాగ్రత్త, నేను మంచినీళ్లు పోసి కవర్లో కట్టినా, రైలు తిరుపతి చేరేసరికి మొత్తం జావయిపోయింది, ఎంత బాధయిందో. సముద్రపు నీళ్లలోనే సీసాలో చల్లగా పెట్టుకోండి. రాతి మీద నుంచి మాత్రం పీకొద్దండీ, మన్నార్ గల్ఫ్ లో ఆ 21 దీవులు నేషనల్ పార్కు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క చాలు. మీ ఊరి కాలేజీ ల్యాబ్ లో సంచుల కొన ఫోటో తీయగలిగితే ఇక్కడే పెట్టండి, నేను చూస్తా.