తుపాకులున్నాయా అని నిస్సంకోచంగా అడగండి

డాలస్‌లో మీ ఎనిమిదేళ్ల బాబును తోటి విద్యార్థి రాత్రి పడుకోవడానికి ఇంటికి పిలిచాడు, వాళ్ల నాన్న వేటకు వెళ్తారు, తుపాకుల సంగతి అడగడానికి మొహమాటంగా ఉందని రాశారు. అడిగేయండి. టెక్సస్‌లో ఇది వింత ప్రశ్నేమీ కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘమే అడగమంటోంది.

బాబుకు వేరుశెనగ పడకపోతే ఎలా చెబుతారో అలాగే, ముందురోజే సందేశం పెట్టండి: "మావాడు చేతికందిన సొరుగల్లా లాగి చూస్తాడు. మీ ఇంట్లో తుపాకులుంటే తాళం వేసే ఉంచుతారు కదా?" నెపం మీవాడి మీద వేస్తే ఎదుటివారికి గుచ్చుకోదు. గుళ్లు తీసేసి, తాళం వేసి, గుళ్లను వేరేచోట మరో తాళంలో పెట్టారంటే సరే. "బీరువా పైన, అందదులెండి" అన్నారో, ఆ పిల్లవాడినే మీ ఇంటికి పిలవండి.

"తుపాకీ కనిపిస్తే ముట్టుకోవద్దని మావాడికి చెప్పాను" అని కూడా రాశారు. అది చాలదు. 2001లో వెలువడిన అట్లాంటా అధ్యయనంలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలను ఒక గదిలో వదిలి, అద్దం వెనక నుంచి గమనించారు. సొరుగులో గుళ్లు లేని నిజమైన పిస్తోలు. కనిపెట్టినవారిలో చాలామంది దాన్ని చేతిలోకి తీసుకున్నారు, కొందరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. వీళ్లలో ఎక్కువమంది జాగ్రత్తల పాఠాలు విన్నవాళ్లే!

చట్టం ఉందిగా అనుకోకండి. 17 ఏళ్లలోపు పిల్లలకు గుళ్లున్న తుపాకీ అందనివ్వడం టెక్సస్‌లో నేరమే, కానీ అది పిల్లల చేతికి చిక్కాకే కేసు. ఆ పిల్లవాడి నాన్న దగ్గర తాళం లేకపోతే, చాలా పోలీసు స్టేషన్లలో తుపాకీకి బిగించే కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారని చెప్పండి.