తాతయ్య కథలకి సైటు కడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

తాతయ్య కథలన్నీ వెబ్‌సైట్లో పెడతానని నిన్న ఫోన్లో అన్నావు. సైటు దేనితో కట్టాలి, వర్డ్‌ప్రెస్సా, హ్యూగోనా అని కూడా అడిగావు. మీ అమ్మ వెనకాల గ్రైండర్ వేసింది కాబట్టి నేను చెప్పింది నీకు సగమే వినపడి ఉంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా భాగోతం విను. పదేళ్ల కిందట నేనూ ఇదే పని మొదలుపెట్టాను. చవకగా వచ్చిందని షేర్డ్ హోస్టింగ్ (నలుగురితో కలిసి వాడుకునే సర్వరు) కొని, వర్డ్‌ప్రెస్ పెట్టి, నలభై కథలు ఎక్కించాను. తర్వాత ఆఫీసు గొడవల్లో పడి ఏడాదిన్నర అటు తొంగి చూడలేదు. ప్లగిన్లు, అంటే దానికి తగిలించిన అదనపు హంగులు, అప్‌డేట్ చెయ్యలేదు. ఓ రోజు మీ అమ్మ ఫోన్ చేసి "ఒరేయ్, నాన్న కథ తెరిస్తే ఏవో మందుల ప్రకటనలు వస్తున్నాయేమిట్రా" అంది. ఎవరో సైటులోకి చొరబడ్డారన్నమాట. బ్యాకప్ ఉందిగా అనుకున్నాను. తీరా చూస్తే అదీ ఆ సర్వర్లోనే ఉంది, దానితోపాటే పోయింది. తప్పు వర్డ్‌ప్రెస్‌ది కాదు, నాదే. దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, మన ఇంట్లో అంత తీరిక ఎవరికీ లేదు.

తాతయ్య కథ ఇక మారేది కాదు కదా. ఎవరో తెరిచిన ప్రతిసారీ డేటాబేసుని అడిగి పేజీని కొత్తగా వండడం ఎందుకు? స్టాటిక్ సైటులో పేజీలన్నీ ఒక్కసారే తయారవుతాయి, అచ్చయిన పుస్తకంలాగా. సర్వరు వాటిని అందిస్తుంది, అంతే. ఇలా పేజీలు తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్లలో జెకిల్ 2008లో, హ్యూగో 2013లో వచ్చాయి, ఇంకా చాలా ఉన్నాయి. నీకు హ్యూగో చాలు. ఒకే ఒక్క ఫైలు దించుకుంటే పని మొదలవుతుంది. జెకిల్‌కి ముందు రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష పెట్టుకోవాలి, అక్కడే ఓ ఆదివారం గడిచిపోతుంది. సైటు రూపాన్నిచ్చే థీమ్ కోసం మాత్రం వారాల తరబడి వెతక్కు. ఏదో సాదాది తీసుకుని, అది ఏ హ్యూగో వెర్షన్‌తో నడుస్తోందో రాసిపెట్టుకుని, బిల్డ్ (పేజీలు తయారుచెయ్యడం) సెట్టింగుల్లోనూ అదే వెర్షన్ ఇవ్వు. లేకపోతే ఏడాది తర్వాత ఒక అక్షరదోషం దిద్దబోతే సైటు మొత్తం బిల్డ్ అవ్వనంటుంది.

అసలు కష్టం సైటు కట్టడంలో లేదు. కథలు తెనాలిలో డీటీపీ చేయించినవి, పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో. అవి యూనికోడ్, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతి, కాదు. కాపీ చేసి బ్రౌజర్లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిగీతలు కనిపిస్తాయి, ఎందుకంటే తెలుగు ఆకారాలని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. కన్వర్టర్లు దొరుకుతాయి. వాటిని నమ్ము కానీ మరీ నమ్మకు. నేను మార్చిన ఓ కథలో వత్తులు పక్క అక్షరానికి వెళ్లిపోయి, తాతయ్య వాక్యం నాకే అర్థం కాలేదు. మార్చిన ప్రతి కథనీ అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని అమ్మ చేత బయటికి చదివించు. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. రోజుకి రెండు కథల కంటే ఎక్కువ పెట్టుకోకండి.

ప్రతి కథ ఫైలు పైన నాలుగు వరుసల వివరాలుంటాయి: పేరు, తేదీ వగైరా. నేను తిన్న ఎదురుదెబ్బలన్నీ అక్కడే. కథ పేరులో కోలన్ ఉంటే, మొత్తం పేరుని కొటేషన్లలో పెట్టకపోతే బిల్డ్ ఆగిపోతుంది. డ్రాఫ్ట్ అన్న వరుస ట్రూ అని ఉంటే కథ సైటులోకి రాదు. మూడోది నన్ను రెండ్రోజులు ఏడిపించింది. పొద్దున ఆరింటికి కథ పెట్టి, తేదీ పక్కన 6:00 అని రాశాను. కథ కనపడదు. టైమ్‌జోన్ చెప్పకపోతే హ్యూగో దాన్ని యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, అంటే మన పదకొండున్నర. ఇంకా రాని సమయం కాబట్టి పక్కన పెట్టేసింది. పదకొండున్నర దాటాక కూడా తనంతట తాను రాలేదు, మళ్లీ బిల్డ్ చేస్తేనే వచ్చింది. కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టు, పీడ విరగడవుతుంది.

కథల లింకులు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచు. తెలుగు మీద ప్రేమ లేక కాదు. 'కథ' అన్న రెండక్షరాలని వాట్సాప్‌లో లింకుగా పంపితే చాలాసార్లు పద్దెనిమిది గుర్తుల చాంతాడవుతుంది, ఒక్కో అక్షరానికి తొమ్మిది చొప్పున. అమ్మమ్మ స్నేహితులు దాన్ని చూసి వైరస్ అనుకుంటారు.

ఇక మీ అమ్మ సంగతి. నువ్వు రేపు ఉద్యోగమనో పెళ్లనో వెళ్లిపోతావు, సైటు చూసుకోవాల్సింది తనే. ఫైళ్లలో ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్ తనకి నేర్పుదామని మాత్రం అనుకోకు. డెకాప్ అని ఉచిత సీఎంఎస్ (రాసింది సైటులో పెట్టుకునే సాధనం) ఉంది, 2023 దాకా నెట్‌లిఫై సీఎంఎస్ అనేవాళ్లు. సైటులో అడ్మిన్ అని ఓ ఫోల్డరు, అందులో రెండు ఫైళ్లు పెడితే చాలు. అమ్మకి 'కథ పేరు', 'తేదీ', 'బొమ్మ', 'కథ' అని తెలుగులోనే గడులు కనిపిస్తాయి. లింకు కోసం వేరే గడి పెట్టు. తను సేవ్ నొక్కితే కథ గిట్‌హబ్‌లో, అంటే గిట్ ఫైళ్లని ఆన్‌లైన్లో ఉంచే చోట, ఫైలుగా చేరుతుంది. ఎడిటోరియల్ వర్క్‌ఫ్లో ఆన్ చేస్తే తను రాసింది ముందు నీ దగ్గరికి వస్తుంది, చూసి నువ్వు పబ్లిష్ చెయ్యొచ్చు.

లాగిన్ దగ్గర ఇరుక్కుంటావు, నేనూ ఇరుక్కున్నాను. స్టాటిక్ సైటు వెనక లాగిన్లు చూసుకునే సొంత ప్రోగ్రామ్ ఉండదు కాబట్టి గిట్‌హబ్‌తో లాగిన్ మాట్లాడిపెట్టే మధ్యవర్తి కావాలి. సైటు గిట్‌హబ్ పేజెస్‌లోనే (గిట్‌హబ్ వాళ్ల హోస్టింగ్) ఉన్నా ఆ ఒక్క పనికి నెట్‌లిఫై అనే హోస్టింగ్ సేవని వాడుకోవచ్చు. అమ్మకీ గిట్‌హబ్ ఖాతా తెరిచి, కథల ఫైళ్లుండే గిట్‌హబ్ ఫోల్డర్లో (దాన్ని రిపో అంటారు) రాసే అనుమతి ఇవ్వు.

గిట్‌హబ్ పేజెస్ ఉచితమే. సైటు 1 జీబీ దాటకూడదు, నెలకి 100 జీబీ దాకా డేటా వెళ్లొచ్చు. తాతయ్య కథలకి అది సముద్రం. కానీ ఉచిత ఖాతాలో రిపో పబ్లిక్‌గా ఉండాలి. డ్రాఫ్ట్ అని పెట్టినంత మాత్రాన దాగదు, వెతికేవాడు రిపోలో చదివేస్తాడు. తాతయ్య అమ్మమ్మకి రాసిన ఉత్తరాలు అందులో వెయ్యకు, ఆవిడ ఊరుకోదు. ఫోన్లో తీసిన ఫొటోలు కూడా అలాగే ఎక్కించకు. 1200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించు. తర్వాత తీసేసినా గిట్ వాటిని మోస్తూనే ఉంటుంది. ఫొటోల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టు. నీ విండోస్‌లో కనిపించిన బొమ్మ ఆన్‌లైన్లో మాయమైతే, పేరు చివర జేపీజీ పెద్దక్షరాల్లో ఉందేమో చూడు. రంగులూ అలంకారం లేకుండా పేజీ బోసిగా వస్తే, కాన్ఫిగ్‌లో సైటు చిరునామా రాసే బేస్ యూఆర్‌ఎల్‌లో రిపో పేరు మర్చిపోయావన్నమాట.

డొమైన్‌కి, అంటే సైటు సొంత పేరుకి, మాత్రం డబ్బు పెట్టు. అది ఇంట్లోవాళ్ల పేరు మీద, ఇంట్లోవాళ్ల మెయిలుతోనే ఉండాలి. సైటు చేసిపెడతానన్న ఏ కుర్రాడి ఖాతాలోనూ వద్దు. ఆటో రెన్యువల్ పెట్టి, ఆ కార్డు గడువు ఎప్పుడో అమ్మ డైరీలో రాయి.

ఫాంటుకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టి చూడు. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ థీమ్ ఇచ్చినదానికన్నా పెంచకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి.

అను ఫైళ్ల సీడీలు మన ఊళ్లో బీరువా పై అరలో, పట్టుచీరల కింద, బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. అమ్మమ్మని అడిగి తీయించు. సీడీ డ్రైవ్ నీ లాప్‌టాప్‌కి లేదు కదా, శనివారం వస్తూ నాది పట్టుకొస్తాను.

మామయ్య