ముగ్గురి మాటా వద్దు, లియో మాట వినండి

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మా లియో మూడేళ్ల లాబ్రడార్. పోయిన దీపావళికి బాత్‌రూమ్ మూలకి దూరి తెల్లారేదాకా బయటికి రాలేదు. ఒకటే వణుకు, చొంగ. మర్నాడు కూడా అన్నం ముట్టలేదు. ఈసారి మా అత్తగారు తన నిద్రమాత్ర సగం పెట్టమంటున్నారు. అబ్బాయేమో మేడ మీదికి తీసుకెళ్లి అలవాటు చేస్తానంటున్నాడు. దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని పక్క ఫ్లాట్ ఆవిడ అంటారు. ఏం చేయమంటారు డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మాత్ర సంగతమ్మా. అత్తగారి మాత్ర అత్తగారికే. బరువు, గుండె, కాలేయం చూడకుండా మనుషుల మందు కుక్కకి వేయకూడదు. కుక్కల మందుల్లోనే ఏసిప్రోమజైన్ అని ఒకటుంది, ‘పడుకోబెట్టే మాత్ర’ అని అడిగి మరీ తీసుకెళ్తారు. అది ఒంటిని మత్తులో పడేస్తుంది గానీ భయం తీయదు. చప్పుళ్లు వినపడుతూనే ఉంటాయి, లేచి పారిపోయే ఓపికే ఉండదు. చూసేవాళ్లకి హాయిగా పడుకున్నట్టుంటుంది. టపాకాయల భయానికి ఆ ఒక్క మందే ఇవ్వడమంటే నాకు ఒళ్లు మంట. భయం మీద పనిచేసేవి వేరే ఉన్నాయి: గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి. అంత వణికాడంటే లియోకి అవసరం పడొచ్చు. పండక్కి పదిరోజుల ముందే చూపించి రాయించుకోండి. చప్పుళ్లు లేని రోజున ఒకసారి వేసి, ఎలా ఉంటాడో చూడాలి. పండగనాడు మొదటి బాంబు పేలకముందే, చెప్పిన వేళకి పడాలి. వణుకు మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు.

మీ అబ్బాయికి చెప్పండి, మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్క చెవికి సుమారు 45,000 దాకా వినిపిస్తుంది. మేడ మీద లక్ష్మీబాంబుల మధ్య నిలబెడితే అలవాటు కాదు, భయం ముదురుతుంది. ఫోన్‌లో టపాకాయల చప్పుడు అతి సన్నగా పెట్టి, ఉడికించిన చికెన్ ముక్కలు తినిపిస్తూ, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. చెవులు వెనక్కి వాల్చినా, తినడం ఆపినా తగ్గించేయాలి. ఈ పని పండగ వెళ్లాక మొదలుపెట్టమనండి. డిసెంబరు 31కి, పెళ్లి బరాత్‌లకి, క్రికెట్ గెలిచిన రాత్రికి అక్కరకొస్తుంది. మన వీధుల్లో బాంబు కాల్చడానికి పండగే రావాలా?

దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్నది ఉత్తమాట. ఒళ్లో తల పెడితే నిమరండి, పెట్టకపోతే లాక్కోకండి.

బాత్‌రూమ్‌ని వాడే ఎంచుకున్నాడు, అక్కడే ఉండనివ్వండి. యాసిడ్, ఫినాయిల్ సీసాలు తీసేసి పాత బొంత, మీరు కట్టి విడిచిన చీర, నీళ్లగిన్నె పెట్టండి. వెంటిలేటర్‌కి మందపాటి దుప్పటి కట్టి, గదిలో ఫ్యానూ టీవీ మోగుతూ ఉంచండి. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చమంది. మన పిల్లలు ‘దిబ్బు దిబ్బు దీపావళి’ అని గోగుపుల్లలు కొట్టి రాగానే మొదలెట్టేస్తారు. అందుకని షికారు, అన్నం సాయంత్రం అయిదులోపే కానివ్వండి, గొలుసు వదలొద్దు. అసలు ప్రమాదం లక్ష్మీపూజ వేళ. అమ్మవారు రావాలని వీధితలుపు బార్లా తీస్తాం, బెదిరిన కుక్క అందులోంచే మెట్లు దిగి మాయమవుతుంది. తలుపు తీసేముందు లియో ఉన్న గది గడియ పెట్టండి. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. మిగిలిన టపాకాయలు నాగులచవితికి దాచుకుంటాం కదా, ఆ రోజు కూడా ఇంతే జాగ్రత్త.

ప్రశ్న: మా వీధికుక్క తోకకి కుర్రాళ్లు సీమటపాకాయల సరం కడుతున్నారు. చెబితే నవ్వుతారు. కాలితే ఏం రాయాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం. అవిటిదైతే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కూడా పడుతుంది. కుర్రాళ్లతో కాదు, వాళ్ల నాన్నలతో మాట్లాడండి. నేపాల్లో ఇదే నరకచతుర్దశినాడు కుక్కల మెడలో దండలు వేసి, బొట్టు పెట్టి పిండివంటలు తినిపిస్తారని కూడా చెప్పండి. కాలిన చోట పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయొద్దు. నొప్పికి కరుస్తుంది కాబట్టి నోటికి మెత్తటి గుడ్డ వదులుగా కట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ, కనీసం పది నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. ఐసు వద్దు. తడిగుడ్డ కప్పి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.