ప్రొస్టేట్ మందుతో లేవగానే కళ్లు తిరుగుతున్నాయి... మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 66. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందని డాక్టర్ గారు టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రాశారు. వారంలోనే మూత్ర ధార మెరుగుపడింది. కానీ రాత్రి మూత్రానికి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. మొన్న గుమ్మం పట్టుకుని నిలదొక్కుకున్నాను. మందుల దుకాణంలో అడిగితే 'ఇది బీపీ మందుల జాతిదే' అన్నారు. బీపీకి ఇప్పటికే ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. వచ్చే నెల శుక్లం ఆపరేషన్ ఉంది. ఈ మందు మానేయవచ్చా?
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మీ అంతట మీరు మానేయకండి. దుకాణంలో చెప్పింది అబద్ధం కాదు, కానీ సగం మాటే.

టామ్సులోసిన్ ఆల్ఫా బ్లాకర్ల తరగతికి చెందిన మందు. రక్తనాళాల గోడల్లో, మూత్రాశయం మెడ దగ్గర, ప్రొస్టేట్‌లో మన అదుపులో లేని కండరాలు ఉంటాయి. నాడుల చివర్ల నుంచి వెలువడే నార్‌అడ్రినలిన్ ఆ కండరాల మీది ఆల్ఫా-1 గ్రాహకాలను చేరితే అవి బిగుసుకుంటాయి. బస్సు కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకున్నట్టు, ఈ మందు ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది. కండరం వదులవుతుంది, ధార సాఫీగా వస్తుంది. గ్రంథి మాత్రం చిన్నదవదు. అందుకు డ్యూటాస్టెరైడ్ వంటి మందులు నెలల తరబడి వాడాలి.

ఈ తరగతిలో పాతవైన ప్రాజోసిన్, డాక్సాజోసిన్ మొదట బీపీ మందులుగానే వచ్చాయి. 2000లో ఆల్‌హాట్ అనే పెద్ద అధ్యయనంలో డాక్సాజోసిన్ వాడినవారికి గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించడంతో ఆ విభాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటి నుంచి బీపీకి వీటిని మొదటి మందుగా రాయడం తగ్గింది. అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉన్నవారికి మాత్రం ఆపరేషన్‌కు ముందు ఆల్ఫా బ్లాకర్లే ఆధారం. మీ ప్రాంతంవారికి తేళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఎర్రతేలు విషం ఒంట్లో అడ్రినలిన్‌ను వరదలా వదిలి గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో దానికి ప్రాజోసిన్ మాత్రతో వైద్యం చేసి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత చవకైన మాత్ర అంత పని చేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఇక మీ కళ్లు తిరగడం. మనం నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగిసి దాన్ని పైకి నెట్టాలి. టామ్సులోసిన్ ప్రధానంగా ప్రొస్టేట్ వైపే పనిచేసినా, ఆ బిగువును కొంత సడలిస్తుంది. పైగా మీరు ఆమ్లోడిపిన్ కూడా వేసుకుంటున్నారు. పడుకుని ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ బీపీ చూపించుకోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ కాగితంతో మీ డాక్టర్‌ను కలవండి. మోతాదులు, వేళలు ఆయన సర్దుతారు. క్యాప్సూల్‌ను ఖాళీ కడుపున వేసుకోవద్దు, రోజూ ఒకే పూట భోజనం చేసిన అరగంటకు మింగండి. ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలో మందు ఎక్కువగా చేరుతుంది. రాత్రి మెలకువ వస్తే మంచం అంచున కూర్చుని, పాదాలు పదిసార్లు ఆడించి అప్పుడు లేవండి. మూత్రం కూర్చునే పోయండి. మగవాళ్లకు ఇది నామోషీ అనిపిస్తుంది గానీ, తుంటి విరగడం కంటే నయం. అంగస్తంభన మాత్రలు వాడితే అది కూడా దాచకండి, రెండూ కలిస్తే బీపీ మరింత పడిపోవచ్చు.

శుక్లం ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు ఈ క్యాప్సూల్ పట్టీ వెంట తీసుకెళ్లి కంటి డాక్టర్‌కు చూపించండి. కనుపాపను పెద్దది చేసే కండరం కూడా ఆల్ఫా గ్రాహకాలతోనే నడుస్తుంది. మందు వాడేవారిలో ఆపరేషన్ మధ్యలో పాప కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న పొర తడిగుడ్డలా ఊగుతుంది. 2005లో దీన్ని 'ఫ్లాపీ ఐరిస్' పేరుతో వర్ణించారు. కొన్ని రోజుల ముందు మందు మానేసినా ఇది పూర్తిగా తప్పదు. ముందే తెలిస్తే డాక్టర్ సన్నని కొక్కేలు, కంట్లోకి ఎక్కించే ఫినైల్‌ఎఫ్రిన్ సిద్ధం చేసుకుంటారు.

ఆ ఫినైల్‌ఎఫ్రిన్ చాలా జలుబు మాత్రల్లో ఉంటుంది. అది ఆల్ఫా గ్రాహకాలను రెచ్చగొట్టే మందు, అంటే మీ క్యాప్సూల్‌కు సరిగ్గా ఎదురు. జలుబు చేసిందని దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. ఎప్పుడైనా మూత్రం పూర్తిగా బిగబట్టి పొత్తికడుపు ఉబ్బితే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.