దవడ పళ్ళు నిజంగా అంత ముఖ్యమా? ఒకటి పీకించుకున్నవాడి జవాబు

క్షీరదాలకి దవడ పళ్ళు అంత అవసరమా, ముందు పళ్ళతో పని నడవదా అని అడిగారు. నడవదండి, నేను నడిపి చూశా.

నాలుగేళ్ళ కింద ఎడమవైపు కింది దవడ పన్ను పుచ్చిపోతే డాక్టర్ గారు "లోపలి పన్నే కదా, ఎవరికీ కనపడదు, తీసేద్దాం" అన్నారు, నేనూ సరే అన్నా. ఆ వారం కుడివైపు కూడా ఒకటి జివ్వుమంటుంటే ముద్దని ఉడతలా ముందు పళ్ళతోనే కొరుకుతూ కూర్చున్నా. తెగుతోంది కానీ నలగట్లేదు, నాలుకతో ఎటు తిప్పినా అవే ముక్కలు, అందరూ తిని లేచి చేతులు కడుక్కున్నారు, నా కంచం సగం కూడా కాలేదు. చివరికి విసుగొచ్చి మింగేశా, రాత్రంతా కడుపులో రాయి.

ముందు పళ్ళది కోత మాత్రమే. వెనకవాటికి గుబ్బలు, గుంటలు ఉంటాయి, పైవాటి గుబ్బ కిందివాటి గుంటలో కూర్చుంటుంది, పైగా దవడ కీలుకి దగ్గర కాబట్టి బలం ఎక్కువ పడుతుంది. కత్తెరలో గట్టిది కొయ్యాలంటే లోపలికంటా పెడతాం చూడండి, అదే లెక్క.

ఆవునే చూడండి, పైన ముందు పళ్ళే లేవు, గట్టి చిగురు మాత్రమే, అయినా హాయిగా బతుకుతోంది. దవడ పళ్ళు మాత్రం 24. నెమరేసేటప్పుడు దగ్గరగా చూస్తే కింది దవడ పక్కకి జరిగి తిరగలిలా తిరుగుతుంది. పన్ను లోపలి పొర, మెత్తని డెంటిన్ ముందు అరిగి, పై పొర, గట్టి ఎనామిల్ గట్లలా నిలబడుతుంది కాబట్టి అరుగుతున్నా గరుకు పోదు, ఎవరో తిరగలి రాయికి కక్కు కొట్టి గరుకు చేసినట్టే. కుక్కకి అవే దవడ పళ్ళు కత్తెరలా పనిచేసి మాంసం కోస్తాయి. ఏనుగుకైతే జీవితంలో 6 సార్లు వెనకనుంచి ముందుకి జరుగుతూ వస్తాయి, ఆఖరివి అరిగాక నమల్లేక చిక్కిపోతుంది, అంత పెద్ద దంతాలుండి ఏం లాభం, అవి ముందు పళ్ళే కదా!

టూత్‌పేస్ట్ యాడ్స్‌లో చూపించేవి కూడా ఆ ముందు పళ్ళే. స్కూల్లో దంత సూత్రం 2123 అని (పైనా కిందా ఒక్కో పక్క 2 కొరికే పళ్ళు, 1 కోర పన్ను, 2 చిన్న దవడ పళ్ళు, 3 పెద్ద దవడ పళ్ళు) బట్టీ పట్టించారు గానీ ఆ చివరి 2, 3 పోతే ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు, మనిషికి ఉన్న 32లో 20 అవేనండీ బాబూ.

ఇంకోటి, కింద పన్ను పోయాక పైదానికి జత లేక మెల్లగా కిందకి దిగుతోంది. మొన్న చూపిస్తే అదే డాక్టర్ గారు "అయ్యో, అప్పుడే కట్టుడు పన్ను పెట్టించుకోవాల్సింది" అంటున్నారు.