రాజమండ్రి నుంచి పంకాల విమానంలో అమ్మను తీసుకెళ్లొచ్చా?

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ప్రొపెల్లర్ విమానంలో టికెట్లు దొరికాయి, అమ్మకు డెబ్బై దాటాయి, అది పాతకాలం బండి కాబట్టి విశాఖపట్నం వెళ్లి జెట్ ఎక్కించడం మంచిదా అని అడిగారు. అక్కర్లేదండి. మా అమ్మను నేను అందులోనే తీసుకెళ్లాను. రేపు మళ్లీ వెళ్లాల్సి వచ్చినా అదే ఎక్కిస్తాను.

మాది రాజోలు దగ్గర. మరపడవల ఇంజన్లు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు బాగుచేయడం ముప్ఫై ఏళ్లుగా నా పని. పంకా బయటికి కనబడితే పాతది, గుండ్రటి డొప్పలో పెడితే కొత్తది అనే మాట వింటే నాకు ఉండబట్టదు. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

అమ్మకు మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్ అన్నారు. రైల్లో రాత్రంతా కాళ్లు ముడుచుకుని ఉండలేదు. శివరాత్రి వెళ్లిన వారం, తెల్లవారుజామున మూడున్నరకి కారులో బయలుదేరాం. తాటిపాక, పి.గన్నవరం, కొత్తపేట, రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి ఇంకా చీకటే. విమానంలో గంట కూర్చోవడానికి రోడ్డు మీద అంతకు రెట్టింపు సమయం. ఆ వేళకి టాక్సీ తప్ప మాకు వేరే దారి దొరకలేదు. టాక్సీ ఖర్చు చూస్తే టికెట్టుకు సగం. కోనసీమలో గల్ఫ్ వెళ్లే మనిషి లేని ఊరు లేదు, విమానాశ్రయం మాత్రం మాకు అంత దూరం. సరే, ఆ బాధ వేరే.

మధురపూడిలో, అదే రాజమండ్రి విమానాశ్రయంలో, నిలబడి ఉన్న ఏటీఆర్ 72 అనే ఆ పంకాల విమానాన్ని చూసి అమ్మ ఆగిపోయింది.

"ఒరేయ్ అబ్బాయ్, మన షెడ్డు ముందు పడుంటుందే, అలాంటి పంకా కదరా ఇది! దీంతో పైకి లేస్తుందా?"

"లేస్తుందమ్మా. మనది మూడడుగులు కూడా ఉండదు, ఇది పదమూడడుగులు" అన్నాను.

ఆవిడ ఇంకేమీ అనలేదు, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఈ విమానంలో జనం ఎక్కేది వెనక తలుపు నుంచి. ముందువైపు సామాన్లు పెడతారు. ఆ వెనక తలుపు కిందికి తెరుచుకుంటుంది, దాని లోపలివైపే మెట్లుంటాయి. ఐదారు మెట్లు, అంతే. నిచ్చెన బండి రావక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. రెయిలింగు పట్టుకుని మా అమ్మ తనంతట తనే ఎక్కింది. దీనికి కారణం రెక్క. ఏటీఆర్‌కి రెక్క నెత్తిమీద ఉంటుంది. పంకాలు ఆ రెక్కకు ఉంటాయి కాబట్టి నేలకు తగలవు, పొట్ట కిందికి దించుకోవచ్చు. చక్రాలు కూడా రెక్కలోంచి రావు, పొట్ట పక్కనున్న ఉబ్బులోంచి వస్తాయి. కాళ్లు పొట్టివి, గట్టివి. చిన్న ఊళ్లకి, నిచ్చెనలూ బండ్లూ లేని చోటికి వెళ్లాలనే ఇలా కట్టారు. ఫ్రాన్స్, ఇటలీ వాళ్లు కలిసి 1981లో పెట్టుకున్న కంపెనీ అది. ముందు ఏటీఆర్ 42 వచ్చింది. దాన్ని సాగదీసి 72 చేశారు, అది మొదట ఎగిరింది 1988లో.

లోపల కూర్చున్నాక నాకు నచ్చిన ఇంకో సంగతి చూశాను. కుడివైపు ఇంజను కూత పెడుతోంది, పంకా మాత్రం కదలడం లేదు. దానికి బ్రేకు ఉంటుంది. పంకాను తిప్పే టర్బైన్ వేరు, ఇంజన్ని నడిపించే టర్బైన్ వేరు. రెండిటికీ మధ్య ఇరుసు లేదు, వేడిగాలే. అందుకని పంకాను పట్టి ఆపి, ఇంజన్ని మటుకు నడిపి, లోపలికి కరెంటూ చల్లగాలీ ఇస్తారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. మా పడవల్లో క్లచ్ వదిలి ఇంజను ఆడించినట్టే. దీన్ని చూసి కూడా పాతకాలం బండి అంటే ఎలాగండి?

నిజానికి ఆ పంకా వెనకాల ఉన్నది జెట్ ఇంజనే. ఒక్కోటి 2,400 గుర్రాల శక్తికి పైనే. దాని వేగాన్ని గేర్‌బాక్సుతో తగ్గించి పంకాకి ఇస్తారు, నిమిషానికి 1,200 చుట్లు మించదు. ఎందుకు తగ్గించాలి? మా రేవులో ఎవరినడిగినా చెబుతారు. చిన్న పంకాని గిర్రున తిప్పితే నీళ్లు నురగ కక్కుతాయి, డీజిలు తాగుతుంది, పడవ మాత్రం కదలదు. పెద్ద పంకాని నిదానంగా తిప్పితే కొబ్బరికాయల లోడుతో ఉన్న పడవను కూడా లాక్కుపోతుంది. గాలికీ అదే లెక్క.

జెట్లు కూడా ఇన్నేళ్లుగా ఈ లెక్కవైపే నడుస్తున్నాయి. బోయింగ్ 737 మొదట ఎగిరింది 1967లో. అప్పటి ఇంజన్లు సన్నగా పొగగొట్టంలా ఉండేవి కాబట్టి విమానాన్ని నేలకు దగ్గరగా కట్టారు. తర్వాత పెద్ద ఫ్యానున్న ఇంజన్లు వచ్చాయి, కింద చోటు లేదు. డొప్ప అడుగుభాగాన్ని నొక్కినట్టు చదును చేశారు. ఆఖరికి మ్యాక్స్ అనే కొత్త రకం 737 దగ్గరికొచ్చేసరికి ఇంజన్ని ముందుకీ పైకీ జరిపారు. దానివల్ల కొన్నిసార్లు ముక్కు పైకి లేస్తుందని, దాన్ని కిందికి నెట్టే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క సెన్సారు చెప్పిన తప్పుడు లెక్క నమ్మింది. 2018లో ఒకటి, 2019లో ఒకటి కూలి 346 మంది పోయారు. కాళ్లు పొట్టివైతే రెక్క పైన ఉండాలి, రెక్క కింద ఉంటే కాళ్లు పొడవుండాలి. ఆ ముడి దగ్గరే ఇదంతా మొదలైందని నా గట్టి అభిప్రాయం.

ఎయిర్‌బస్ ఎ320 అంతకు ఇరవై ఏళ్ల తర్వాత, 1987లో ఎగిరింది. కాళ్లు పొడవు. అందుకే 68 అంగుళాల ఫ్యాను పోయి నియో అనే కొత్త రకం ఎ320లో 78, 81 అంగుళాలవి వచ్చినా పట్టాయి. ఆ 81 అంగుళాల దానికి గేర్‌బాక్సు కూడా ఉంది, మా పడవకున్నట్టే. ఎ318, 319, 320, 321 అన్నీ ఒకే ఇంటి పిల్లలు. రెక్క, కాక్‌పిట్ దాదాపు అవే, పొడవే వేరు. అందుకే ఒక పైలట్ అన్నీ నడపగలడు. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989లో ఎ320లు తెచ్చినప్పుడు మన రన్‌వేల కోసం ఒక్కో కాలికి రెండు బదులు నాలుగు చక్రాలు పెట్టించుకుంది. నేల మెత్తనైతే బరువును ఎక్కువ చక్రాల మీద పంచాలని బురదలో ట్రాక్టరు నడిపినవాడికి తెలుసు. అది విన్నప్పటినుంచి ఆ ఇంజనీర్లంటే నాకు గౌరవం.

మళ్లీ మా అమ్మ దగ్గరికొస్తాను. మాకు ఎడమవైపు కిటికీ దొరికింది. విమానం లేచి తిరిగేసరికి ఎండ పడింది. రెక్క పైన ఉంది కాబట్టి కిటికీకి అడ్డం ఏమీ లేదు. కింద రాజమండ్రి వంతెనలు, ఆ కింద ధవళేశ్వరం ఆనకట్ట, మధ్యలో లంకలతో నాలుగు ముక్కలుగా. దాని దిగువన గోదావరి చీలి గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు పోతున్నాయి. ఆ రెండిటి మధ్య మా కోనసీమ, ముదురు ఆకుపచ్చగా, మంచులో. అమ్మ అద్దానికి నుదురు ఆనించి చూస్తూనే ఉంది.

"ఇన్నేళ్లూ ఒక రేవులో ఎక్కి ఇంకో రేవులో దిగడమేరా. ఎటునుంచి ఎటు పోతుందో ఇప్పుడు తెలిసింది" అంది.

మోకాళ్ల సంగతి ఆ గంటసేపు ఎత్తలేదు. ముందు సీటులో కుర్రాడు మాత్రం ఎక్కగానే షట్టరు దించేసి ఫోను చూసుకున్నాడు. చూసే ఓపిక లేనివాళ్లు కిటికీ సీటు ఎందుకు తీసుకుంటారో నాకు అర్థం కాదు. దిగేటప్పుడు చక్రం బయటికి రావడం, నేలను తాకి పొగ చిమ్మడం కూడా కిటికీలోంచే చూసింది.

మీ భయానికి కారణం 2023 జనవరిలో నేపాల్‌లోని పోఖరాలో పడిన ఏటీఆర్ అయి ఉంటుంది, 72 మంది పోయారు. దాని మీద విచారణలో తేలింది వేరు. పైలట్లు దిగేటప్పుడు రెక్క వెనక అంచును కిందికి వంచే ఫ్లాప్ లివరు లాగబోయి పంకాల లివర్లు లాగారు, పంకా రెక్కలు గాలికి అంచు తిరిగి లాగడం మానేశాయి. పంకా తప్పు కాదది. 1994లో అమెరికాలో ఒకటి రెక్కల మీద మంచు గడ్డకట్టి పడింది. ఆ తర్వాత మంచు రాల్చే రబ్బరు తిత్తుల్ని పెద్దవి చేశారు. 2024లో బ్రెజిల్‌లో పడిన ఏటీఆర్ విషయంలో కూడా మంచు మాటే వచ్చింది. రాజమండ్రి, హైదరాబాద్ మధ్య ఫిబ్రవరి ఉదయం ఆ టెన్షన్ పెట్టుకోకండి. కాకపోతే ఇది జెట్ అంత ఎత్తుకు పోదు, వానాకాలం మబ్బుల్లో ఊగుతుంది. అది ఒప్పుకుంటాను.

తిరుగు ప్రయాణం ఎయిర్‌బస్‌లో. మధురపూడి రన్‌వేని 3,165 మీటర్లకు పెంచాక అవీ వస్తున్నాయి, 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీలకు కూడా మొదలయ్యాయి. మంచిదే, కాదనను. కానీ దాని తలుపు పదకొండు అడుగుల ఎత్తు. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసుకున్నప్పుడే చెప్పాను. తీరా దిగేటప్పుడు ర్యాంపు లేదన్నారు. ఆపరేషన్ అయిన మోకాళ్లతో ఉన్న మనిషిని కుర్చీతో సహా ఇద్దరు కుర్రాళ్లు మెట్ల మీదుగా మోసుకొచ్చారు. అమ్మ కళ్లు మూసుకుని నా పేరు పిలుస్తూనే ఉంది. ఆ కుర్రాళ్లు చాలా జాగ్రత్తగా దించారు, వాళ్లననేది లేదు. ఫిర్యాదు పెట్టాను, నాలుగు లైన్ల జవాబు వచ్చింది. టికెట్ల యాప్‌లలో ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఏ విమానమో వెతుక్కుంటే గాని కనబడదు. ముసలివాళ్లను తీసుకెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది అదే.

కాబట్టి ఉదయం విమానం తీసుకోండి. ఎడమవైపు కిటికీ, వెనక నుంచి మూడు నాలుగు వరుసల్లోపు. అక్కడ పంకాల మోత తక్కువ, తలుపు దగ్గర, మీ అమ్మగారు ఎక్కువ నడవక్కర్లేదు. చెవుల్లో పెట్టుకోవడానికి కాస్త దూది దగ్గరుంచుకోండి. చేతి సంచి చిన్నది తీసుకెళ్లండి, పైన సామాను పెట్టే అర చిన్నది, పెద్ద బ్యాగు పట్టదు.